సగం చీర దగ్గర ఏడ్చినవాళ్ళు

సోమవారం పొద్దున ఏడు గంటలకు ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో ఒక ఇంటి మీద రాళ్ళు పడ్డాయి.

ఇంట్లో ఉన్నది హేమ ఒక్కతే. ఆమె అత్త ఉచ్చీరమ్మ గురువారం నుంచి కనిపించడం లేదు.

రాళ్ళు విసిరినవాళ్ళు రౌడీలు కారు. ముందు రోజు రాత్రి ఫోన్లో ఒక కథ చదివి, ముక్కు చీదుకుని, హాయిగా నిద్రపోయి లేచి వచ్చిన మర్యాదస్తులు.

ఎస్.ఐ. రజిని హేమను జీపెక్కించి స్టేషన్‌కు తెచ్చింది. కాపాడటానికే తెచ్చింది. కానీ జనం గేటు దాకా వెంటపడ్డారు. అత్తను తరిమేసి చంపిందని, అరెస్టు చేయాలని అరిచారు. తొమ్మిదింటికి పైనుంచి ఫోన్ వచ్చింది.

"సాయంత్రంలోగా తేల్చండి. తేలకపోతే కోడల్ని అరెస్టు చేయండి."

రజిని ఫోన్ పెట్టేసింది.

"ఆ కథ రాసింది ఎవరు?"

"ఉచ్చీరమ్మ చిన్న కొడుకు దినేష్, మేడం. ఆదోనిలో లెక్చరర్. కంప్లైంటు ఇచ్చింది కూడా ఆయప్పే," అన్నాడు కానిస్టేబుల్ సామ్సన్. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వూ చదివినావా?"

"రెండుసార్లు మేడం."

"యాడ ఏడ్చినావు?"

సామ్సన్ తల దించుకున్నాడు. "సగం చీర కాడ."

రజిని కథ తెరిచింది. పేరే 'సగం చీర'. చివరి పేరా చదివింది.

'కుండ నిండా అన్నం. ఒక కంచం ఖాళీ. ఒక చేయి తలుపు గడియ వేసింది. మగ్గం ఆగింది. చీర సగం. నాడె నడిమధ్యన. అమ్మ వేళ్ళ కోసం.'

కింద ఫొటో. మగ్గం మీద సగం నేసిన చీర. నిలువు పడుగు దారాల మీద, అడ్డదారం నేసే నాడె ముద్దొచ్చేలా పెట్టి ఉంది.

హేమ బెంచీ మీద కూర్చుని ఉంది. నుదుటి మీద దెబ్బ.

"అత్తతో కొట్లాడినావా?"

"అత్తాకోడండ్లం మేడం. దినామూ కొట్లాడతాం. దినామూ ఒకే కుండలో తింటాం."

"గురువారం యాడున్నావు?"

"పత్తి చేనికి కూలికి పోయినాను. పొద్దుగూకి వస్తే అత్త లేదు. మగ్గానికి గుడ్డ కప్పి ఉండె. ఊరికి పోయిందేమో అనుకొని దినేష్‌కు ఫోన్ చేసినా. నాకు తెల్దు అన్నాడు. తెల్లారి నా మీదే కేసు పెట్టినాడు."

"గుడ్డా? ఫొటోలో లేదే."

"ఉండె మేడం. సెప్తే ఎవురూ ఇన్లేదు. రాసినోడు రాయలేదు గదా."

"నీ మొగుడు ఏమంటాడు?"

"ఈరేష్ బెంగళూరులో బిల్డింగ్ పనిలో ఉండాడు. ఆయనా సదివినాడు. రాత్రి నుంచి నా ఫోన్ ఎత్తలేదు."

రజిని గేటు దగ్గరికి వెళ్ళింది. గుంపులో అందరికంటే పెద్దగా అరుస్తున్నది హేమ ఎదురింటి శంకరన్న.

"శంకరన్నా, కథలో యాడ ఏడుపొచ్చింది నీకు?"

"సగం చీర కాడ మేడం. నా పెండ్లాం కూడా ఆడ్నే."

పక్కింటి ఎల్లమ్మను అడిగింది. ఆమె మాట్లాడకుండా చేతులతో చీర పొడవు చూపించి, సగంలో ఆపి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"చూసినావా సామ్సన్? అందరికీ ఒకే చోట నీళ్ళు వస్తే అది దుఃఖం కాదు. కుళాయి. తిప్పినోడు ఒకడు ఉంటాడు. పా, ఆడికే పోదాం. ఎల్లమ్మా, నువ్వూ రా."

మగ్గం ఫొటోలో ఉన్నట్టే ఉంది. నాడె కూడా అక్కడే ఉంది. రజిని వంగి చూసింది. నాడె కింద దారాలు సాగిన నులక మంచంలా కుంగి ఉన్నాయి. వేలితో నొక్కింది. ఇంకా కుంగాయి.

"ఎల్లమ్మా, పడుగు ఇంత వదులుగా పెట్టి నేస్తారా?"

"యాడ నేస్తారు మేడం! నాడె పోనే పోదు. నాలుగు దినాలు ఊరికి పోయేటప్పుడు కదా వదులు చేసేది. దారాలు తెగకుండా వదులు చేసి, గుడ్డ కప్పి..."

ఎల్లమ్మ ఆగిపోయింది.

"నీకు మగ్గం ఎప్పటినుంచి తెలుసు?"

"పుట్టినప్పటి నుంచి."

"ఫొటో సూసినావు గదా?"

"సూసినా మేడం. కండ్ల నిండా నీళ్ళు. యాడ కనిపిస్తాది?"

గుడ్డ మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంటలో ఉండ చుట్టి పడి ఉంది. రజిని దాన్ని పైకి తీసింది.

"తరిమేస్తే పోయిన మనిషి పడుగు వదులు చేసి, గుడ్డ కప్పి పోతుందా? ఉచ్చీరమ్మ తిరిగొస్తాననే పోయింది. ఆమెకు యాడున్నారు మనుషులు?"

"హొళగుందలో సెల్లెలు హనుమమ్మ. ఆడ వెతికినానని దినేష్ సెప్పినాడు."

"ఇంకెవరైనా పోయి చూసినారా?"

"కొడుకే అట్ల ఏడుస్తాంటే ఇంకెవురు పోతారు మేడం?"

స్టేషన్ ఫైల్లోనూ దినేష్ మాటే ఉంది. రజినికి ఒళ్ళు మండింది. సామ్సన్‌ను హొళగుంద పంపింది.

సాయంత్రం ఐదింటికి ఆదోనిలో ఒక కల్యాణ మండపం. దినేష్ పుస్తకావిష్కరణ. పుస్తకం పేరు 'సగం చీర'.

హాలు నిండింది. ముందు వరసలో పెద్దమనుషులు చేతిరుమాళ్ళు మడతలు విప్పి సిద్ధంగా కూర్చున్నారు. దినేష్ మైకు ముందు నిలబడి తన కథ తనే చదువుతున్నాడు. కావలసిన చోట గొంతు వణికిస్తున్నాడు.

రజిని వెనక వరసలో కూర్చుంది. సామ్సన్ ఒక ముసలమ్మను తెచ్చి ఆమె పక్కన కూర్చోబెట్టాడు.

"నాడె నడిమధ్యన. అమ్మ వేళ్ళ కోసం..."

హాలంతా ముక్కులు ఎగబీల్చింది. ముసలమ్మ కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆమె వంగి రజిని చెవిలో అడిగింది.

"పాపం, ఎవురమ్మా ఆ ముసిల్ది?"

"నువ్వే."

ఉచ్చీరమ్మ లేచి నిలబడింది.

"ఒరే దినీ! నేనెప్పుడు సచ్చినారా?"

చేతిరుమాళ్ళు గాలిలోనే ఆగాయి. రజిని వేదిక ఎక్కింది.

"ఎవరూ లేయొద్దండి. ఈమెను కొడుకే కారులో హొళగుందలో దింపినాడు. నాలుగు దినాలు సెల్లెలింట్లో ఉండు, వదినకు నేను సెప్తాలే అన్నాడు. రిపేరని ఫోన్ తీసకపోయినాడు."

"ఇది కల్పన మేడం," అన్నాడు దినేష్. "కథలో ఎవరి పేరూ రాయలేదు."

"అదే నీ పనితనం. ఒక కంచం ఖాళీ అన్నావు. ఎవరిదో సెప్పలేదు. ఒక చేయి గడియ వేసింది అన్నావు. ఎవరిదో సెప్పలేదు. ఆ చేతిని హేమకు వీళ్ళే తగిలించినారు. నువ్వు ఆడాల్సిన అబద్ధం వీళ్ళ చేత ఆడించినావు. మాటలు ముక్కలు ముక్కలు చేసి, నడుమ నిలబడి ఆలోచించే జాగా లేకుండా చేసినావు. హేమ లేనప్పుడు వచ్చి గుడ్డ తీసేసి, అబద్ధం బయటపడే చోట తెచ్చి నాడె పెట్టినావు. ఏడ్చే కండ్లు చూడవని నీకు తెలుసు."

"సాహిత్యానికి ఆ స్వేచ్ఛ ఉంటుంది!"

"సరే. మరి స్టేషన్‌లో సంతకం పెట్టిన కంప్లైంటు? అదీ కల్పనేనా?"

దినేష్ గొణిగాడు.

"అమ్మను తెచ్చేవాడినే. తిరిగొచ్చిన కథ కూడా రాసి పెట్టుకున్నా."

ముందు వరసలో ఒక పెద్దమనిషి పక్కవాడితో అన్నాడు: "ఏదేమైనా, శైలి బాగుంది."

ఉచ్చీరమ్మ వేదిక మీదికి వచ్చింది. ఫ్లెక్సీ మీద మగ్గం ఫొటో చూసింది.

"వదులు పడుగు మీద నాడె పెట్టినావంట్రా? నేతోని కడుపున పుట్టి? దారం సంగతి తెల్దు, మనిషి సంగతి తెల్దు. ఏం రాస్తావురా నువ్వు?"

తప్పుడు కేసు పెట్టినందుకు సామ్సన్ దినేష్‌ను జీపెక్కించాడు. ఈసారి అతని కళ్ళు ఎర్రగా లేవు.

పొద్దుగూకే వేళకు అత్తాకోడళ్ళు ఇంటి ముందు జీపు దిగారు. ఉచ్చీరమ్మ హేమ నుదుటి మీద చేయి పెట్టి చూసింది. హేమ ఫోన్ మోగింది. ఈరేష్. హేమ ఎత్తలేదు. ఉచ్చీరమ్మ లాక్కుంది.

"నేను సచ్చినానని ఏడ్సినావంట గదరా. ఇప్పుడు నీ పెండ్లాం కోసం ఏడువు."

వీధి వీధంతా చేరింది. ఎల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. శంకరన్న ముక్కు చీదుతూ అత్తాకోడళ్ళను ఫొటో తీయడానికి ఫోన్ ఎత్తాడు.

"ఎంత బాగుంది మేడం ఈ సీను! దీన్ని పెడితే..."

రజిని ఆ ఫోన్ లాక్కుని జేబులో వేసుకుంది. వాకిట్లో పొద్దున పడిన రాళ్ళు పడినట్టే ఉన్నాయి.

"ఏడ్సింది చాలు శంకరన్నా. రాళ్ళు ఏరండి. ఏది ఎవరు ఇసిరినారో పేరు పెట్టి సెప్పండి. ఒక చేయి ఇసిరింది అంటే ఒప్పుకోను."