ఇరవై రెండో భాగానికి బొమ్మ

"ఈ బొమ్మ నేను వేయను."

ఆ అమ్మాయి నా రాతప్రతిని టేబుల్ మీద పెట్టిన పద్ధతికి పక్కనున్న గ్లాసులో నీళ్ళు కదిలాయి. మా వారపత్రికలో నా సీరియల్‌కి బొమ్మలు వేసే ఆర్టిస్టు ఆవిడ. ఇరవై ఒక్క వారాలుగా నాతో "అందింది", "బాగుంది" అన్న రెండు మాటలు తప్ప మాట్లాడి ఎరగదు. మూడో మాట ఇదన్నమాట. నాకు ఒళ్ళు మండింది.

"ఎందుకు వేయరు?"

"ఇది దుర్మార్గం కాబట్టి."

మా ఆఫీసులో ఒక గదిలో తుమ్మితే మూడో గదిలోవాళ్ళు తలెత్తి చూస్తారు. ప్రూఫులు దిద్దే పెద్దాయన అప్పుడే కళ్ళజోడు సర్దుకుని, పని చేస్తున్నట్టు నటించడం మొదలుపెట్టారు.

నా కథానాయిక ఒక లైబ్రేరియన్. బెంచీ మీద ఎప్పుడు కూర్చున్నా ఎడమ చివరే కూర్చుంటుంది. ఎవరైనా ఆ చివర కూర్చుని ఉంటే నిలబడే ఉంటుంది. ఎందుకో ఎవరికీ తెలీదు. పద్దెనిమిదో భాగంలో హీరోకి ఒక్కడికే చెప్పుకుంటుంది. ఏం చెప్పిందో మాత్రం పాఠకులకి నేను చెప్పలేదు. అప్పట్నుంచీ ఉత్తరాలే ఉత్తరాలు. ఇరవై రెండో భాగంలో, లైబ్రరీ వార్షికోత్సవంలో, హీరో స్నేహితుడు మైకు పట్టుకుని నిండు సభలో ఆ గుట్టు రట్టు చేస్తాడు. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆమెకి ఎడమ చెవి వినపడకుండా పోయింది, అందుకే అందరూ తన కుడి పక్కన ఉండేలా చూసుకుంటుంది. సభంతా కన్నీళ్ళు, చప్పట్లు. రాస్తుంటే నాకే గొంతు పూడుకుపోయింది.

"దుర్మార్గం ఎవరిదండీ? ఆ స్నేహితుడిదా?"

"అతనిది, హీరోది, మీది. ఆమె ఆ మాట ఎవరికి చెప్పుకుంది?"

"హీరోకి."

"నమ్మి చెప్పుకుంది. అతను తీసుకెళ్ళి స్నేహితుడికి మోశాడు. వాడు మైకులో ఊదాడు. ఇంతా చేస్తే చివర్లో ఆమె కళ్ళు తుడుచుకుని ఇద్దరికీ థాంక్స్ చెప్తుంది. దేనికండీ థాంక్స్?"

"నిజం ఎప్పటికైనా బయటపడాలి కదా. దాచడం మాత్రం తప్పు కాదా?"

"ఎవరినో ముంచి దాస్తే తప్పు. తన చెవి సంగతి తను దాచుకుంటే మీ సొమ్మేం పోయింది?"

"చూడండి, అదొక పాత్ర. పాత్రకి రహస్యాలేమిటి? పుట్టించింది నేను."

"పుట్టించినవాళ్ళే బజారున పెడితే ఇంక ఆ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి?"

ఆవిడ గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. కోపంలో కూడా మనిషి ఇంత బాగుంటుందేమిటని ఆ క్షణంలో నాకు అనిపించినందుకు నా మీద నాకే ఇంకా కోపం వచ్చింది.

ఎడిటర్ గారి గదిలోకి దూసుకెళ్ళి పితూరీ చెప్పాను. ఆయన ఒక ఉత్తరాల కట్ట తీసి నా ముందు పడేశారు.

"జనం గుట్టు ఎప్పుడు విప్పుతారని చంపేస్తున్నారోయ్. ఆ అమ్మాయితో నేను మాట్లాడతాను. బొమ్మ ఎందుకు రాదో చూస్తాను."

బొమ్మ వచ్చింది. కానీ మాలో ఎవరమూ చూడకుండానే ప్రెస్సుకి వెళ్ళిపోయింది.

ఇక్కడ మా పత్రిక పద్ధతి ఒకటి చెప్పాలి. రంగుల పేజీలు మంగళవారమే అచ్చయిపోతాయి. నలుపు తెలుపులో ఉండే కథ గురువారం అచ్చవుతుంది. అంటే బొమ్మ ముందు, కథ తర్వాత. ఎడిటర్ గారు హడావిడిలో కవరు విప్పకుండానే సంతకం పెట్టేశారు. బుధవారం పొద్దున చూస్తే వేల కాగితాల మీద నా లైబ్రేరియన్ నిలబడి ఉంది. స్నేహితుడు వేదిక మీద మైకు పట్టుకుని నోరు తెరిచి ఉన్నాడు. ఆ మైకు వైరు వేదిక దిగి, కుర్చీల మధ్య నుంచి వచ్చి, ఆమె చేతిలో తేలింది. ప్లగ్గు పీకేసింది.

"కాగితం పారేయలేం," అన్నారు ఎడిటర్ గారు తల పట్టుకుని. "నువ్వే కథ మార్చు. సాయంత్రం నాలుగింటికల్లా కావాలి."

నా కథ నేను మార్చాలా? అదీ బొమ్మని చూసి? ఇంత అన్యాయం ఏ రచయితకైనా జరిగిందా? రంగుల పేజీ పట్టుకుని ఆర్టిస్టు గదికి వెళ్ళాను. బయట వాన దంచి కొడుతోంది. ఆవిడ కుడి పక్క గోడ అవతల ప్రెస్సు మెషీను దడదడలాడుతోంది. పెద్దాయన వింటారని, ఆవిడ ఎడమ పక్కన నిలబడి గొంతు తగ్గించి కడిగేయడం మొదలుపెట్టాను.

"మీకు ఎంత ధైర్యం? ఆరు నెలల కష్టం నాది. మీకు నచ్చకపోతే మానేయాలి గానీ ఇలా వెన్నుపోటు పొడుస్తారా?" ఇంకా చాలా అన్నాను. మూడు నిమిషాలు అని ఉంటాను. ఆవిడ తాపీగా కుంచె కడుక్కుంటోంది. కనీసం తలెత్తలేదు. ఎంత పొగరు అనుకున్నాను.

అప్పుడు ఆవిడ గుడ్డ కోసం పక్కకి తిరిగింది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"మీరెప్పుడొచ్చారు?"

నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ ఎడమ చివర అలవాటు నేను ఎక్కడి నుంచి తెచ్చానో మీకు చెప్పలేదు కదూ. మీటింగుల్లో ఆవిడ ఎప్పుడూ బెంచీ ఎడమ చివరే కూర్చుంటుంది. ఏడాదిగా చూస్తున్నాను. బాగుందని తీసి లైబ్రేరియన్‌కి ఇచ్చేశాను. "మన ఆర్టిస్టమ్మ కూడా అక్కడే కూర్చుంటుందోయ్," అని పెద్దాయన పదో భాగం అప్పుడే నవ్వారు. తర్వాత కథకి ఒక కారణం కావాల్సి వచ్చి చెవి అని రాశాను. ఊహించానంతే. ఆ ఊహ గురువారం అచ్చయి ఉంటే శుక్రవారానికల్లా ఆఫీసంతా వెళ్ళి ఆ బెంచీ వైపు చూసేది.

టేబుల్ చుట్టూ తిరిగి ఆవిడ కుడి పక్కకి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే."

"అబద్ధం. రాశారుగా."

"ఊహించి రాశాను. మీరెప్పుడూ ఆ చివరే కూర్చుంటారని..."

"ఏడాదిగా నన్ను చూస్తున్నారా?"

"బొమ్మలు చూస్తున్నాను."

"బొమ్మలు టేబుల్ మీద ఉంటాయి. బెంచీ చివర నేనుంటాను."

చేతిలో ఉన్న రంగుల పేజీని టేబుల్ మీద పెట్టాను.

"అడగొచ్చుగా," అంది.

"అడిగితే చెప్పేవారా?"

"చెప్పేదాన్ని కాదు. అయినా అడగాలి." కుంచె పక్కన పెట్టింది. "పాత ఆఫీసులో ఒక స్నేహితురాలికి చెప్పాను. నా మంచికే అనుకుని అందరికీ చెప్పింది. ఆ రోజు నుంచి ఒక్కొక్కరూ నా మొహంలో మొహం పెట్టి, గట్టిగా, ముక్కలు ముక్కలుగా మాట్లాడేవాళ్ళు. మూడేళ్ళ పిల్లతో మాట్లాడినట్టు. పెద్ద బొమ్మలు ఇంకొకరికి ఇచ్చేవాళ్ళు, పాపం నాకు శ్రమ అని. నాకు వినపడకపోవడం కష్టం కాలేదండీ. వాళ్ళ జాలి కష్టమైంది. ఆరు నెలలు భరించి మానేశాను. మీరేమో దానికి చప్పట్లు రాశారు."

నా మీద నాకు ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. గొంతు పూడుకుపోయిందని మురిసిపోయాను చూడండి, అది తలుచుకుంటే లెంపలు వాయించుకోవాలనిపించింది.

"నాలుగింటికి కథ ఇవ్వాలి," అన్నాను. "ప్లగ్గు పీకాక ఆమె ఏమంటుంది?"

"నన్నడుగుతారేం?"

"ఈసారి అడుగుతున్నాను."

రంగుల పేజీని తన వైపు లాక్కుని చూసింది. తర్వాత అంది, "హీరో వైపు తిరిగి, నీకు చెప్పాను, నీకు మాత్రమే చెప్పాను, అంటుంది. వెళ్ళిపోతుంది."

"హీరో?"

"వాడి సంగతి మీరు చూసుకోండి. నాకు వాడంటే మంట."

వాడితో ఎనిమిది వారాలు క్షమాపణ చెప్పించాను. ముప్ఫయ్యో భాగంలో ఆమె బెంచీ మీద కొంచెం జరిగి వాడికి చోటిచ్చింది, కుడి పక్కన. సీరియల్ అక్కడితో అయిపోయింది. గుట్టు విప్పలేదు. "మమ్మల్ని మోసం చేశారు", "డబ్బులు వాపసు ఇవ్వండి" అని పాఠకులు నిప్పులు చెరిగారు. ఎడిటర్ గారు నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమె చెప్పుకోని మాట మీకెందుకని ఒక్కొక్కరికీ జవాబు రాయాలనిపించింది. కొందరికి రాశాను కూడా.

ఆ ఎనిమిది వారాల్లో నాకు ఆవిడ కుడి పక్కన నడవడం అలవాటైంది. ఒక రోజు ఒకే గొడుగులో నడుస్తూ, "మీరంటే నాకు ఇష్టం. ఇది మాత్రం మీరు ఎవరికైనా చెప్పుకోవచ్చు," అన్నాను. ఆవిడ నవ్వి, సగం తడిసిన నా భుజం మీదకి గొడుగు జరిపింది.

"ఆఫీసులో అందరికీ తెలుసు. మీరొక్కరే ఎవరికీ తెలీదనుకుంటున్నారు, అచ్చం మీ తెలివితక్కువ హీరోలాగే."

వాళ్ళమ్మగారు స్కూల్లో లెక్కలు చెప్తారు. మొదటిసారి ఇంటికి వెళ్ళినప్పుడు పరీక్ష పెట్టినట్టే ఎదురుగా కూర్చున్నారు.

"మా అమ్మాయి గురించి నీకేం తెలుసు బాబూ?"

నేను వాళ్ళమ్మాయి వైపు తిరిగాను. "ఎంతవరకు చెప్పమంటారు?"

వాళ్ళమ్మగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత లేచి, "కాఫీ పెడతాను," అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "పర్లేదే, ఈ అబ్బాయి," అని కూతురితో అన్నారు. నన్ను దాటి అన్నా నాకు బాగానే వినపడింది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాశావని మీరు అడగొచ్చు. నాకు కూడా నోరాగదని అనుకోవచ్చు. మొన్న మా ఆవిడే, "పాత ఆఫీసువాళ్ళలాంటి వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. రాయండి. అచ్చుకిచ్చే ముందు నాకు చూపించండి," అంది. రాసి చూపించాను. ఎర్ర పెన్సిల్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. గొడుగు దగ్గర మూడు లైన్లు కొట్టేసి, పక్కన చిన్నగా సంతకం పెట్టింది.

ఆ మూడు లైన్లలో ఏముందో నన్ను అడగకండి.