గోల్డ్‌ఫించ్‌లు వచ్చిన గంట

2020 అక్టోబర్ 26, సోమవారం. ఉదయం 8:50.

పక్కింటి పెరట్లో మనిషి పడి ఉన్నాడు.

కాఫీ కప్పుతో మేడమీది కిటికీ దగ్గరికి వచ్చిన చరితకి ముందు ఆపిల్ చెట్టు కింద ఆకుపచ్చ కోటు కనిపించింది. తర్వాత పక్కకి ఒరిగిన నిచ్చెన. తర్వాత తెల్లజుట్టు. జుట్టు పక్కన నెత్తురు.

8:52కి 999కి ఫోన్ చేసింది.

9:08కి అంబులెన్స్ వచ్చింది. పసుపు జాకెట్లవాళ్లు నలుగురు. అరగంటకి పైగా ఆ పెరట్లోనే ఉన్నారు. మిస్టర్ టియర్నన్‌కి డెబ్బై ఎనిమిదేళ్లు. ఊపిరి ఉంది. స్పృహ లేదు.

ఆయన్ని తీసుకువెళ్లాక నేవన్ ఊళ్లోని ఆ ఇళ్ల వరస మళ్లీ ఎప్పటిలా అయిపోయింది. మనుషులున్నారు. చప్పుడు లేదు.

జనవరిలో పెళ్లి. ఫిబ్రవరిలో ఐర్లండ్. మార్చిలో లాక్‌డౌన్. చరిత కాపురం ఈ మూడు ముక్కల్లో అయిపోతుంది. భర్త సాయికృష్ణ గాల్వేలో వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. వారమంతా అక్కడే గది. శుక్రవారం వచ్చేవాడు. ఇప్పుడు పక్క గదివాడికి పాజిటివ్. సాయికృష్ణకీ పద్నాలుగు రోజులు ఐసొలేషన్.

ఆమెకి మిగిలినవి ఒక పెరడు, పెళ్లికి సాయి కొనిచ్చిన కెమెరా, గోడకి అటువైపు రెండు గొంతులు. ఒకటి టియర్నన్‌ది. ఏ పిట్ట ఏదో నేర్పింది ఆయనే. రెండోది ఆయనింట్లో అద్దెకుండే కృపారావుది. బాపట్ల కుర్రాడు. ఎమ్మెస్సీ చదువుతూ, దూరంగా ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లని చూసుకునే కేరర్‌గా పనిచేస్తున్నాడు. రోజూ సాయంత్రం గోడమీంచి తల ఎత్తి, "అక్కా, ఇవాళ ఎన్ని పిట్టలు?" అని అడుగుతాడు.

సాయి ఫోన్‌లో ఎంత మాట్లాడినా, ఎదురుగా వినపడే తెలుగు అదొక్కటే.

*

11:00. పోలీసు సార్జెంట్ నువాలా ఫారెల్ చరిత పెరట్లో రెండు మీటర్ల దూరంలో నిలబడింది. మాస్కు. చేతిలో నోటుబుక్కు.

"పొద్దున మీరేం చేశారు?"

"పిట్టల్ని ఫొటోలు తీశాను. మధ్యలో అమ్మ ఇండియా నుంచి ఫోన్ చేసింది."

"ఎన్నింటికి?"

"రోజూ తొమ్మిదింటికి చేస్తుంది. నిన్నా, ఇవాళా ఎందుకో ఎనిమిదికే చేసింది."

"పక్క పెరట్లో ఎవరినైనా చూశారా?"

"చూడలేదండీ. కెమెరా ఏమైనా చూసిందేమో."

చరిత ఉత్సాహంగా కెమెరా తెచ్చింది. ఒక ఫొటో దగ్గర ఆగింది. గోడమీద రాబిన్ పిట్ట. ఎర్రటి రొమ్ము పొంగించి, కెమెరాకేసి కోపంగా చూస్తోంది. దాని వెనక మసకగా ఒక నీలం జాకెట్, హెల్మెట్టు. కృపారావు. పక్కన షెడ్డుకి ఆనించి సైకిలు, ఎర్ర సంచి.

సార్జెంట్ కళ్లు చిన్నవయ్యాయి. "టైమ్?"

"కెమెరాలో 13:05. ఇది ఇండియా టైమ్. అమ్మ ఏం చేస్తుంటుందో తెలుస్తుందని నేనే మార్చలేదు. నాలుగున్నర గంటలు తీసేయాలి. అంటే 8:35."

"ఖాయమేనా?"

"వేసవి నుంచీ రోజూ తీసే లెక్కేనండీ."

"గ్రాండ్." ఐరిష్‌వాళ్లు సరే అనే తీరది. సార్జెంట్ రాసుకుంది. "మీ దేశం లెక్క మీకే తెలియాలి."

నోటుబుక్కు మూసి, మెల్లగా అంది. "కృపారావు 7:45కి ఇల్లు వదిలానంటున్నాడు. దారిలో పంక్చరైందట. నర్సింగ్ హోమ్ రిజిస్టర్‌లో 9:20కి సంతకం పెట్టాడు. ఇక్కణ్ణుంచి సైకిలుకి నలభై అయిదు నిమిషాలు. 8:35కి బయల్దేరితే పంక్చర్ కథ అక్కర్లేదు."

చరిత కెమెరా ఆఫ్ చేసింది.

"నిన్న సాయంత్రం వాళ్లిద్దరూ అరుచుకోవడం ఎదురింటావిడ విన్నది. ఇంకొకటి. పిట్టల గింజల డబ్బాని షెడ్డు కొక్కేనికి తగిలించి వెళ్లానన్నాడు. డబ్బా ఆపిల్ చెట్టుకి వేలాడుతోంది. తాడు సగమే ముడేసి ఉంది. ఎవరో మధ్యలో ఆపినట్టు."

*

మంగళవారం కృపారావుని గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, స్టేషన్‌కి తీసుకువెళ్లారు. నాలుగు గంటలు ప్రశ్నించి పంపారు. ఊరు దాటొద్దన్నారు. నర్సింగ్ హోమ్‌వాళ్లు పనికి రావద్దన్నారు. కేసు పెడితే వీసా ఉంటుందో ఊడుతుందో ఎవరికీ తెలియదు.

సాయంత్రం 5:30. అటు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. చరిత గోడ దగ్గరికి పరుగెత్తింది.

"కృపా! నేను చూసిందే చెప్పానురా..."

కృపారావు తల ఎత్తలేదు. "నువ్వు చూడలేదక్కా. నీ కెమెరా చూసింది. నన్నడిగితే నేనూ చెప్పేవాణ్ణి కదా."

తలుపు మూసుకుంది. ఎన్ని పిట్టలని అడిగేవాళ్లు లేరు.

సాయికి ఫోన్ చేసింది.

"డిటెక్టివ్ మేడమ్ గొంతు అలా ఉందేంటి?"

"వెక్కిరించకు సాయీ. ఒక మనిషిని ఇరికించాను."

"ఫొటోలో ఉన్నదే కదా చెప్పావు."

"వాడు ఆయనకి రోజూ మందులిచ్చి వెళ్తాడు. వాడు తోసేస్తాడా?"

సాయి నవ్వకుండా అన్నాడు. "ఆ రోజు ఎన్ని ఫొటోలు తీశావు?"

"నలభై రెండు."

"గార్డ్స్‌కి ఎన్ని చూపించావు?"

"ఒకటి."

"మరి మిగతా నలభై ఒకటీ?"

ఆ నలభై ఒకటిలో ఒక ఫొటో ఉంది. తన బతుకులో అంత మంచి ఫొటో తీయలేదు. నెత్తురు చూశాక ఆ ఫొటో చూడ్డానికి సిగ్గేసింది. పక్కన మనిషి పడిపోయిన పొద్దున తను గంతులు వేసింది మరి.

*

బుధవారం, ఉదయం 7:40. చరిత లాప్‌టాప్‌లో ఆ ఫొటో తెరిచింది.

గోల్డ్‌ఫించ్‌లు. మూడు. ఎర్రటి మొహాలు, రెక్కమీద పసుపు పట్టీ, పేరంటానికి ముస్తాబై వచ్చినట్టు.

ఇవి వస్తాయని సెప్టెంబర్‌లోనే టియర్నన్ చెప్పాడు. "ఆకులు రాలనీ. నల్ల గింజలు పెడదాం. తప్పకుండా వస్తాయి." ఆయన గోడమీంచి చూపించిన గింజలు చూసి చరిత కేక పెట్టింది. వలిసెలు! అరకులోయంతా పసుప్పచ్చగా పూసే వలిసె పూల గింజలు. అంతదూరం నుంచి వచ్చినవాళ్లు తనూ, ఆ గింజలూనూ.

ఫొటోలో గింజల డబ్బా సగమే కనిపిస్తోంది. మిగతా సగానికి గోడ అడ్డం.

టైమ్ చూసింది. 13:50.

నాలుగున్నర తీస్తే 9:20.

నోటుబుక్కులో రాయబోయి ఆగిపోయింది.

9:20కి ఆ పెరట్లో నలుగురు అంబులెన్స్ వాళ్లున్నారు. స్ట్రెచర్ ఉంది. గుమ్మం చప్పుడుకే ఎగిరిపోయే గోల్డ్‌ఫించ్‌లు వాళ్ల మధ్య కూర్చుని గింజలు తింటాయా?

కెమెరా తప్పా? లెక్క తప్పా?

మళ్లీ తీసింది. 9:20. వేళ్లమీద తీసింది. 9:20.

ఫోన్ మోగింది. అమ్మ. ఫోన్‌లో టైమ్ 8:00.

"రోజూ ఇంత తొందరగా చేస్తున్నావేంటమ్మా?" చరిత చిరాకుపడింది.

"తొందరేంటే? ఒంటిగంటన్నర కొట్టాకే కదా ఎప్పుడూ చేసేది! మీ నాన్న భోజనం చేసి అలా పడుకున్నారు, నేనిలా ఫోనందుకున్నాను. నీకు నేను అక్కర్లేకపోతే చెప్పు."

"ఒంటిగంటన్నరా? ఇప్పుడా?"

"గోడ గడియారం ఎదురుగా కూర్చునే మాట్లాడుతున్నా."

అక్కడ 1:30. ఇక్కడ 8:00. తేడా నాలుగున్నర కాదు. అయిదున్నర.

"అమ్మా, నువ్వు బంగారం! తర్వాత చేస్తాను," అని పెట్టేసింది.

వెంటనే సాయికి చేసింది. "సాయీ, ఇక్కడ గడియారాలు మారతాయా?"

"ఆఁ. ఆదివారం తెల్లవారుజామున గంట వెనక్కి జరిపారు. ఏటా ఇంతే. ఫోన్లు వాటంతటవే మారతాయి కదా, నీకు చెప్పాలని తట్టలేదు."

చరిత ఫొటోని పెద్దది చేసింది. ఈసారి పిట్టల్ని చూడలేదు. వాటి వెనక చూసింది.

*

11:00. సార్జెంట్ ఫారెల్ చరిత పెరట్లో నిలబడింది. గోడకి అటువైపు కృపారావు, చేతులు కట్టుకుని, తల వంచుకుని. గోడమీద ఆనించిన ఫోన్‌లో సాయికృష్ణ.

"తప్పు నాది," అంది చరిత. "మీకు 8:35 అని చెప్పాను. అది 7:35."

"గంట తేడా ఎలా వచ్చింది?"

"ఆదివారం మీ గడియారాలు మారాయి. నాకు తెలియదు. ఇది ఇక్కడ నా మొదటి శరత్కాలం. ఇండియాలో గడియారం ఎప్పుడూ మారదు. నా కెమెరా ఇండియాలోనే ఉంది."

సార్జెంట్ మాస్కు వెనక ఊపిరి పీల్చుకుంది. "నాకు గడియారం మారిందని తెలుసు. మీ లెక్క తెలియదు."

"మన ఇద్దరికీ చెరి సగం తెలుసు. పూర్తిగా తెలిసినవి పిట్టలు." లాప్‌టాప్ ఆమెకేసి తిప్పింది. "ఇది 13:50. నా పాత లెక్కలో 9:20. అప్పుడు అంబులెన్స్ ఇక్కడుంది. కాబట్టి అది అబద్ధం. నిజం 8:20."

"చెప్పండి."

"డబ్బా ఎక్కడుంది?"

సార్జెంట్ వంగి చూసింది. "షెడ్డు కొక్కేనికి."

"కృపారావు చెప్పిన చోటే. షెడ్డు పక్కన 7:35కి సైకిలుంది. 8:20కి ఉందా?"

"లేదు. సంచీ లేదు."

"ఇప్పుడు ఆయన వంటింటి కిటికీ చూడండి."

అద్దం వెనక తెల్లజుట్టు. చేతిలో మగ్గు. గోల్డ్‌ఫించ్‌లకేసి వంగిన మొహం. మసకే. కానీ నవ్వు తెలుస్తోంది.

సార్జెంట్ ఇంకా దగ్గరికి వంగింది.

"కృపా," అంది చరిత, "ఆదివారం ఎందుకు అరిచావు?"

"ఆయనకి చెవుడక్కా, మామూలుగా చెబితే వినపడదు." కృపారావు తల ఎత్తాడు. "ఆ డబ్బా చెట్టుకి కడతానని నిచ్చెన తీశాడు. ఈ వయసులో వద్దు తాతా అని అరిచాను. పొద్దున్నే నేనే షెడ్డుకి తగిలించాను, ఎక్కకుండా ఉంటాడని."

"మరి చెట్టుకి ఎందుకు?" సార్జెంట్ అడిగింది. "పిట్టలు షెడ్డు దగ్గరికే వచ్చాయిగా?"

చరిత మేడమీది తన కిటికీ చూపించింది. తర్వాత ఫొటోలో గోడ కోసేసిన సగం డబ్బా చూపించింది.

"అక్కణ్ణుంచి నాకు సగమే కనిపిస్తుంది. నేను కెమెరా పట్టుకుని కిటికీలో వేలాడుతుంటే ఆయన చూసుంటాడు. ఆ చెట్టు కొమ్మ నా వైపు ఉంది."

సార్జెంట్ ఆపిల్ చెట్టు దాకా వెళ్లింది. సగం ముడిని, కొమ్మని, కిటికీని చాలాసేపు చూసింది. తిరిగొచ్చి ఫొటోల కాపీ తీసుకుంది.

"మిస్టర్ కృపారావు, నర్సింగ్ హోమ్‌కి నేనే ఫోన్ చేస్తాను." గేటు దగ్గర ఆగింది. "ఆయన ఈ పొద్దున కళ్లు తెరిచాడు. ఇంకా మాట్లాడటం లేదు. ఎవర్నీ లోపలికి పంపరు. ఆ రెండో ఫొటో ఆయనకి చూపించమని నర్సుకిస్తాను."

గేటు మూసుకుంది. సాయి ఏదో జోకు వేయబోయి, భార్య మొహం చూసి మానుకుని, "రాత్రికి చేస్తాను," అన్నాడు.

పెరట్లో ఇద్దరే మిగిలారు. మధ్యలో గోడ. ఆపిల్ చెట్టునుంచి ఒక ఆకు రాలింది.

"నిన్నే ముందు అడగాల్సిందిరా," అంది చరిత. "తప్పయిపోయింది."

కృపారావు వెళ్లి నిచ్చెన నిలబెట్టాడు. రెండుసార్లు కదిపి చూశాడు. ఎక్కాడు. సగంలో ఆగిన తాడు అందుకుని, గోడమీంచి చూశాడు.

"ఎటు తిప్పమంటావక్కా?"

"ఆయన తిప్పినవైపే."

ముడి గట్టిగా బిగించాడు.