సహనాంకం

చంద్రుడి మీద పేలుడు మందుతో వేగడం అంత తేలిక కాదు. అక్కడ పగలు పెనంలా కాలుతుంది, రాత్రి రాయి కూడా బిగుసుకుపోతుంది. భూమ్మీద బుద్ధిగా పడున్న మందు అక్కడ చిన్న తాకిడికే భగ్గుమనవచ్చు. అందుకే శీతలగిరి గనుల కాలనీలో ప్రతి పెట్టెలోంచీ చిటికెడు తీసి, ఇనుప దిమ్మె మీద పెట్టి, పైనుంచి సుత్తి జారవిడిచేవారు. ఇంకో చిటికెడును కొలిమిలో వేడి చేసేవారు. ఎంతకు పేలుతుందో తెలుసుకోవాలంటే పేల్చి చూడాల్సిందే. ఇదేం ఖర్మో!

ఆ ఖర్మను డాక్టర్ ఓదెలు తప్పించాడు. అతను కనిపెట్టిన సహనమాపిని దేన్నీ పేల్చదు. అల్ట్రాసోనిక్ తరంగాలు పంపి, పదార్థం లోపలి కంపనాన్ని విని, అది ఎంత వేడికి, ఎంత దెబ్బకు ఆగుతుందో నూటికి ఒక అంకె చెబుతుంది. అదే సహనాంకం. కాలనీ అంతా ఓదెలును నెత్తిన పెట్టుకుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగుతామా మనం? డైరెక్టర్ మృణాళినికి ఒక ఆలోచన వచ్చింది. "మందుకీ మనిషికీ తేడా ఏముందండీ ఓదెలు గారూ? దెబ్బ తగిలితే ఇద్దరూ బద్దలయ్యేవాళ్ళేగా" అంది. ఓదెలు వద్దని మొత్తుకున్నా వినలేదు. నాడుల కంపనాన్ని కూడా యంత్రానికి నేర్పించారు. తక్కువ అంకె వచ్చినవాళ్ళకు విశ్రాంతి ఇచ్చారు, అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళ పని ఎక్కువ అంకె వచ్చినవాళ్ళ మీద పడింది.

అందరికన్నా ఎక్కువ అంకె ఓదెలు చెల్లెలు కొమురమ్మది, తొంభై ఆరు. సొరంగాల్లో మందు పేల్చడం ఆమె పని. పైకప్పు కూలే దక్షిణ సొరంగానికి ప్రతిసారీ ఆమెనే పంపారు. రెండుసార్లు శిథిలాల కిందనుంచి బయటికి లాగారు. రెండుసార్లూ దుమ్ము దులుపుకుని టీ తాగింది.

ఒక మధ్యాహ్నం ఆమె అన్నను చూడటానికి పరీక్షాశాలకు వచ్చింది. ఓదెలు టిఫిన్ డబ్బా మూత బల్లమీద పెట్టాడు. ఆ చప్పుడుకే కొమురమ్మ గోడకు అంటుకుపోయింది.

"ఏందే చెల్లె, గట్ల ఉలిక్కిపడ్డవ్?"

"నిద్ర పడుతలేదన్నా. కండ్లు మూస్తే కప్పు మీద పడ్డట్టే అనిపిస్తది. రేపు మళ్ళ పోవాలె."

"మరి చెప్పరాదు?"

"ఎవలకు చెప్పాలె? నీ మిషిన్ తొంభై ఆరనె. తొంభై ఆరు వచ్చినామె ఏడిస్తే నవ్వరా?"

ఓదెలు ఆమెను మళ్ళీ పరీక్షించాడు. తొంభై ఆరే! అప్పుడు అతనికి పాత సుత్తి పరీక్షలు గుర్తొచ్చాయి. సుత్తి దెబ్బకు పేలకుండా మిగిలిన చిటికెడును ఆ పరీక్షాశాలలో ఎవరూ మళ్ళీ సుత్తి కింద పెట్టేవారు కాదు, పారేసేవారు. దాని లోపల కంటికి కనబడని పగుళ్ళు ఉంటాయి, ఈసారి చిన్న దెబ్బకే పేలిపోతుంది. అలా పారేసే అలవాటు వల్లే ఓదెలు తన యంత్రానికి ఎప్పుడూ తాజా మందునే వినిపించాడు. దెబ్బతిన్నది ఎలా పలుకుతుందో దానికి తెలియనే తెలియదు.

అతను డైరెక్టర్ గదికి పరుగెత్తి అంతా చెప్పాడు. "రేపు దాన్ని పంపకుండ్రి మేడం. తప్పు నాది, మిషిన్‌ది."

"మనుషులు మందు కాదు కదండీ" అంది మృణాళిని నెమ్మదిగా. "తొంభై ఆరు ఉన్న మనిషిని ఆపేసి, నలభై ఉన్నవాణ్ణి పంపమంటారా? వాడికేమన్నా అయితే వాడి పెళ్ళాం పిల్లలకి మీరు చెబుతారా?"

చెల్లెల్ని పంపకపోతే ఇంకొకరు పోవాలి. ఆ ఇంకొకరి పేరు ఓదెలు తన నోటితో ఎలా చెప్పగలడు?

"నన్ను పంపుండ్రి."

"మీకు పేల్చడం రాదు."

"అది నా చెల్లె మేడం! దానికేమన్నయితే నేను బతకను" అని అతను చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

మృణాళిని కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. మంచినీళ్ళ గ్లాసు అతని చేతికిచ్చింది. తన గది గోడకున్న మరో సహనమాపినిని అతని వైపు తిప్పి, "ఆమెకేమన్నా అయితే ఈయన ఉండగలరా?" అని అడిగింది.

యంత్రం క్షణంసేపు విన్నది.

"ఎనభై ఎనిమిది" అంది. "తట్టుకుంటారు."

"హమ్మయ్య!" అని మృణాళిని నిజంగానే ఊపిరి పీల్చుకుని, కొమురమ్మ రేపటి డ్యూటీని ఖాయం చేసింది.