ఇంటికో సంతకం

"మీ నాన్నగారున్నారా?"

తలుపు తీసిన అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. "ఉన్నారు. మీరు?"

"భూగర్భజలాల ఆఫీసు నుంచి వచ్చానండీ. నెలనెలా పన్నెండు బావుల నీటిమట్టం కొలిచి పంపేది ఆయనే కదా. ఆరేళ్లలో ఒక్క తప్పు లేదు. ఆయన ఉద్యోగం పర్మినెంట్ చేయడానికి వచ్చాను."

సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం పాలిపోయింది.

ఆయనంటే నాకు ప్రాణం. రెండేళ్ల కిందట, నెలనెలా ఆయనకు పంపే ఖాళీ ఫారం అడుగున 'ఇతర వివరాలు' అన్న గడిలో, "తొమ్మిదో బావి ఎందుకు తగ్గింది బాబాయ్ గారూ?" అని రాశాను. "పక్కన మోటారు పెట్టారు. మీరు కుర్చీ దిగితే కనిపిస్తుంది" అని జవాబొచ్చింది. అప్పట్నుంచి ఆ గడిలో నా కష్టసుఖాలన్నీ రాసుకున్నాను. మూడో పెళ్లి సంబంధం వద్దన్నందుకు అమ్మ అలిగిందని రాస్తే, "అమ్మను బుజ్జగించండి. పెళ్లి మాత్రం మీకు నచ్చితేనే చేసుకోండి" అని వచ్చింది.

లోపల కుట్టుమిషను ఆగింది. పెద్దాయన బయటికొచ్చారు. దండం పెట్టి, పెరటి బావి దగ్గరికి తీసుకెళ్లి, మీటర్ల టేపు చేతికిచ్చాను.

"ఒక్కసారి కొలవండి బాబాయ్ గారూ, ఫొటో తీసుకుంటాను."

ఆయన టేపును అటూ ఇటూ తిప్పి చూశారు. "నాకు నడుము కొలవడమే వచ్చు బాబూ. బావి సంగతి మా అమ్మాయికి తెలుసు."

నేను అమ్మాయి వైపు తిరిగాను.

ఆమె వచ్చి టేపు కొసకు సుద్ద రాసి బావిలోకి వదిలింది. పైకి లాగి, సుద్ద తడిసిన చోటు చూసి లెక్క కట్టింది. "ఏడు మీటర్ల ఇరవై. ఆరేళ్లుగా కొలిచేది నేనే సార్. ఈ లెక్కలు ఊరి నీటి సంఘం ద్వారానే పంపాలి. అక్కడ ఇంటికో సంతకమే, అదీ ఇంటి పెద్దదే. నాది చెల్లదన్నారు. అందుకే నాన్న పేరు పెట్టాను."

"మరి... ఆ మూడో సంబంధం సంగతి..."

"చదివాను."

"నాక్కూడా చదివి వినిపించింది" అన్నారు పెద్దాయన.

సిగ్గుతో చచ్చిపోయాను. కాసేపటికి గానీ అసలు చిక్కు బుర్రకెక్కలేదు. ఆ లెక్కల మూలంగానే ఊళ్లో లోతు బోర్లు ఆగాయి. సంఘం ప్రెసిడెంటుకు అది ఎప్పట్నుంచో కంటగింపు. ఈ సంతకం సంగతి తెలిస్తే ఊరుకోరు.

"నాన్నగారి పేరుతోనే కానిచ్చేద్దాం. బావులైనా దక్కుతాయి" అన్నాను.

"ఎండలో తిరిగింది నేను. ఆ ఉద్యోగం నాది. నిజం రాయండి."

ఆమె చూపు తిప్పుకోలేదు. రెండేళ్లుగా నేను ప్రేమిస్తున్నది ఎవరినో నాకప్పుడు తెలిసింది.

సాయంత్రం సంఘం మీటింగులో నిజం చెప్పేశాను. మగవాళ్లంతా కుర్చీల్లో, ఆడవాళ్లు గుమ్మం దగ్గర. ప్రెసిడెంటు బల్ల చరిచారు.

"సంతకం దొంగదైతే లెక్కలూ దొంగవే. అన్నీ కొట్టేసి బోర్లకు అనుమతిద్దాం."

గుమ్మంలోంచి ఆయన భార్య లోపలికొచ్చి కాలువ కాపలా రిజిస్టరు తెరిచారు.

"ఏవండీ, తెల్లవారుజాము వంతుల్లో మీ సంతకం ఉంది. కాపలా కాసిందెవరు?"

ఆయన రిజిస్టరు మూయబోతే ఆవిడ పేజీ మీద చెయ్యి పెట్టారు.

"నేను. సంతకమూ నేనే పెట్టాను, మీకు మెలకువ రాదుగా. వంతు తప్పని మనిషని మిమ్మల్ని ప్రెసిడెంటును చేశారు. అదీ కొట్టేయండి మరి."

"మా ఇంటిదీ నేనే పెట్టాను" అంది ఇంకొకావిడ. తర్వాత మరొకరు. ఇరవై ఇళ్లలో పదిహేడు సంతకాలు ఆడవాళ్లవే. కుర్చీల్లో వాళ్లంతా కొయ్యబారిపోయారు. ఏ ఒక్కరికీ పక్కింటి సంగతి తెలియదు.

అవన్నీ కొట్టేస్తే తన పదవీ మిగలదని ప్రెసిడెంటుకు అర్థమైంది. పని ఎవరిదైతే సంతకం వాళ్లదేనని తీర్మానం రాయించి, దాన్ని సంతకానికి భార్య ముందుకే తోశారు. ఆ తర్వాత ఆ అమ్మాయి ఉద్యోగం కాగితం మీద తన పేరు పూర్తిగా, పెద్ద అక్షరాలతో రాసింది. దాని పక్కన నేను ముద్ర వేశాను.

బయటికి రాగానే ధైర్యం కూడగట్టుకున్నాను.

"బాబాయ్ గారూ, మీ అమ్మాయిని నాకిచ్చి..."

"ముందు బాబాయ్ అనడం మానెయ్, వరస చెడుతుంది" అన్నారాయన. "అయినా ఇంత జరిగాక కూడా నన్నడుగుతావేంటి?"

ఆమె వైపు తిరిగాను. "నన్ను పెళ్లి చేసుకుంటారా? ఉద్యోగం ఇచ్చాను కదా అని మొహమాటపడొద్దు."

"మీరిచ్చారా?"

"లేదు. అది మీదే."

"అయితే చేసుకుంటాను."