బస్సు తుమ్మిన శనివారం

బస్సు తుమ్మడం మీరెప్పుడైనా విన్నారా? నేను విన్నాను. మా ఊరి నుంచి గుంటూరు వెళ్ళే పల్లెవెలుగు బస్సు, రెండో శనివారం పొద్దున, అందరూ చూస్తుండగా "హా...ఛ్!" అని తుమ్మింది. ఆ దెబ్బకి రోడ్డు పక్క చేలో మిగిలిపోయిన పత్తంతా పైకి లేచి, మబ్బై కూర్చుంది. నవ్వకండి. అబద్ధం నా నోట రాదు. కావాలంటే మా ఊళ్ళో ఎవర్నైనా అడగండి.

అయితే బస్సు సంగతి కాసేపు ఆగాలి. ముందు మనం బడికి పోవాలి.

మంగళవారం మధ్యాహ్నం. అన్నాలు అయిపోయాయి. ఏడో తరగతి పిల్లలు నలుగురు సైకిల్ స్టాండ్ నీడలో గుండ్రంగా కూర్చున్నారు.

"గుంటూరు సంగతి నాకొదిలెయ్యండి. ఆ ఊరు నాకు కొట్టినపిండి," అంది బిందుమాధవి.

సౌజన్య వాళ్ళమ్మ కోటేశ్వరి జాకెట్లు కుడుతుంది. శనివారం లైనింగ్ గుడ్డలు కొనడానికి గుంటూరు వెళ్తోంది. నలుగురినీ వెంట తీసుకెళ్తానంది. ఎక్కడెక్కడికి వెళ్ళాలో మాత్రం మీరే తేల్చుకోండి అంది. అప్పటి నుంచి వీళ్ళకి పాఠాలు చెవికెక్కడం లేదు.

"నాకు పిజ్జా," అన్నాడు యలమంద. "పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. సాయంత్రం వచ్చేటప్పుడు ఐస్‌క్రీం."

"ఒరేయ్, ఊరు చూడ్డానికి వెళ్తున్నామా, నీ పొట్ట నింపడానికి వెళ్తున్నామా?" అంది సౌజన్య. "ముందు పార్కు. అక్కడ బొమ్మ రైలు ఎక్కాలి. ఫొటోలు దిగాలి."

"పార్కు, పిజ్జా, తర్వాత మాల్!" బిందు వేళ్ళు మడిచింది. "కరీమున్, నువ్వేం మాట్లాడవే?"

కరీమున్ అసలే మెల్లగా మాట్లాడుతుంది. ఇప్పుడు ఇంకా మెల్లగా అంది. "మాల్‌లో పై అంతస్తులో డాషింగ్ కార్లు ఉంటాయంట. ఇద్దరిద్దరు కూర్చుని గుద్దుకోవచ్చంట. మా అన్న చెప్పాడు. నాకు అవి ఎక్కాలనుంది. కానీ నేను రాను."

"ఎందుకు రావు?"

"పైకి కదిలే మెట్ల మీద పోవాలంట. నాకు భయం. కాలు ఇరుక్కుంటే?"

బిందు పగలబడి నవ్వింది. "ఎస్కలేటర్‌కా భయం! నేను వందసార్లు ఎక్కా. కళ్ళు మూసుకుని ఎక్కా. ఒకసారి వెనక్కి తిరిగి కూడా ఎక్కా."

యలమంద నోరు తెరిచాడు. సౌజన్య కళ్ళు పెద్దవి చేసింది.

"లిఫ్ట్ ఉండదా?" అని అడిగింది కరీమున్.

"లిఫ్ట్ ముసలోళ్ళకి! ఎస్కలేటర్ ఎక్కకపోతే సిటీకి వెళ్ళినట్టే కాదు. నేనున్నాగా, నీ చెయ్యి పట్టుకుని ఎక్కిస్తా. నువ్వూ నేనూ ఒకే కారు."

"ఒట్టు?"

"ఒట్టు."

కరీమున్ ముఖం వెలిగిపోయింది. ఆ సాయంత్రమే ఇంట్లో అడిగింది. వాళ్ళమ్మ లాల్‌బీ కాస్త ఆలోచించి, "బిందు చెయ్యి పట్టుకుంటానందా? అయితే పో," అంది.

ఇక్కడ మీ చెవిలో ఒక మాట చెప్పాలి. దగ్గరికి రండి. బిందుమాధవి గుంటూరు వెళ్ళింది ఒక్కసారే, పన్ను పీకించుకోవడానికి. ఆ రోజు నోరు తెరుచుకుని పడుకుంది కాబట్టి, ఆమె చూసిన గుంటూరంతా డాక్టరు గది పైకప్పే. ఎస్కలేటర్‌ని ఫోన్లో చూసింది. అంతే.

ఆ మాట స్నేహితులకి చెప్పేస్తే సరిపోయేది. కానీ వందసార్లు అన్న నోటితో ఒక్కసారి కూడా లేదని ఎలా అంటుంది? అందుకని వేరే ఉపాయం ఆలోచించింది.

అవి మిరపకాయలు ఎండబెట్టే రోజులు. బిందు వాళ్ళ ఇంటి వెనకే రోశయ్య తాత కల్లం. ఈ రోశయ్య తాత ఊళ్ళోకెల్లా అందగాడు, మహా తెలివైనవాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. కల్లం నిండా ఎర్రగా కాయలు పరిచి ఉన్నాయి. ఒక మూల పెద్ద కుప్ప. దాని పక్కన ఖాళీ టార్పాలిన్ పట్టా ఒకటి పడి ఉంది.

బడి నుంచి రాగానే బిందు మూడో తరగతి చదివే తమ్ముణ్ణి అక్కడికి లాక్కొచ్చింది.

"ఒరే చైతన్యా, ఈ పట్టా అంచు పట్టుకుని మెల్లగా లాగు. అది కదులుతుంటే నేను దాని మీదకి ఎక్కుతా."

"ఎందుకక్కా?"

"ఎందుకని అడిగితే చాక్లెట్ ఇవ్వను."

చైతన్యకృష్ణ లాగాడు. బిందు అడుగు వేసింది. ఊగింది గానీ నిలబడింది. "ఇంతేనా ఎస్కలేటర్!" అనుకుంది. ఇంకోసారి లాగమంది. మళ్ళీ నిలబడింది. అప్పటికి తమ్ముడికి ఆట బాగా నచ్చింది. మూడోసారి ఎద్దులా రంకె వేసి ఒక్క గుంజు గుంజాడు.

బిందు వెళ్ళి కుప్పలో పడింది. తలకాయ లోపల, కాళ్ళు బయట.

బిందు తుమ్మింది. చైతన్య తుమ్మాడు. కాయలు తిరగేస్తున్న రోశయ్య తాత తుమ్మాడు. పక్కింటి గేదె తుమ్మింది. తాత పరుగున వచ్చి, కాళ్ళు పట్టి బిందుని బయటికి లాగి, బకెట్టు నీళ్ళు ముఖాన పోశాడు.

"ఏమ్మాయ్, ఇక్కడ మేం ఎండబెట్టేది మిరపకాయల్ని! ఆడపిల్లల్ని ఎవరు కొంటారే మిర్చి యార్డులో?"

మర్నాడు బడికి వెళ్తే బిందు కళ్ళు పండిన కాయల్లా ఉన్నాయి.

"ఏమైందే?" అంది కరీమున్ కంగారుగా.

"రాత్రంతా మన ప్లాన్ గురించే ఆలోచించా. నిద్ర లేదు," అంది బిందు.

ఒక అబద్ధానికి తోడు ఇంకొకటి దొరికింది.

శనివారం రానే వచ్చింది. బస్సు కిటకిటలాడుతోంది. ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, వీళ్ళ గుంపులో డబ్బులిచ్చి టికెట్ కొట్టించుకున్నది యలమంద ఒక్కడే.

"నేను మగాణ్ణి కాబట్టి నాకే ఖర్చు," అని గొణిగాడు.

"అర టికెట్టుగాడివి, అప్పుడే మగాడివా!" అంది కోటేశ్వరి.

డ్రైవర్ వెనక ఎవరో మిరపకాయల టిక్కీ ఒకటి వేశారు. టిక్కీ అంటే కాయలు కుక్కి కుట్టిన గోనె బస్తా. సీటు దొరకని యలమంద దాని మీద కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా ఎగిరి దాని మీదే పడ్డాడు. ఘాటు లేచింది. ముందు కండక్టర్ తుమ్మాడు. తర్వాత చంటిపిల్ల, ఆ పిల్ల తల్లి, ఆ వెనక సీటు, ఆ వెనక సీటు. చివరికి ఎవరూ మిగల్లేదు, బస్సు తప్ప. అప్పుడు బస్సు కూడా తుమ్మింది. ముందే చెప్పానుగా.

గుంటూరులో ప్లాన్ భేషుగ్గా నడిచింది. లైనింగ్ గుడ్డల కొట్లో పని కాగానే పార్కుకి వెళ్ళారు. బొమ్మ రైల్లో సౌజన్య ఫొటోలు దిగింది, దిగింది, ఫోన్లో చార్జింగ్ సగం అయ్యేదాకా దిగింది. తర్వాత పిజ్జా. యలమంద ఒక ముక్క కొరికి ముఖం చిట్లించాడు.

"కారమేదండీ?"

కొట్లో అబ్బాయి కారం పొట్లాలు ఇచ్చాడు. యలమంద అన్నీ చింపి పోసుకున్నాడు. "ఇప్పుడు బాగుంది. ఈ కాయ మన ఊరిదే అయ్యుంటుంది," అని కళ్ళు తుడుచుకుంటూ తిన్నాడు.

చివరిది మాల్.

లోపల చల్లగా ఉంది. ఎదురుగా ఎస్కలేటర్. నల్లటి మెట్లు నేలలోంచి పుట్టి, పళ్ళు బయటపెట్టి, పైకి వెళ్ళిపోతున్నాయి. ఒకదాని వెనక ఒకటి, ఆగకుండా.

కోటేశ్వరి ఒక చేత్తో కుచ్చిళ్ళు, ఒక చేత్తో కూతుర్ని పట్టుకుని ఎక్కేసింది. యలమంద కెవ్వున అరిచి ఒక్క గెంతు గెంతాడు. నిలబడ్డాడు.

"బిందూ, కరీమున్‌ని నువ్వు తీసుకురా!" పైకి పోతూ కేకేసింది కోటేశ్వరి.

కరీమున్ చెయ్యి చాపింది. బిందు పట్టుకుంది. ఇద్దరూ పసుపు గీత దాకా వెళ్ళారు. బిందు కాలు ఎత్తింది. ఆ కాలు గాల్లోనే ఉండిపోయింది. కల్లంలో పట్టా జారడం, ముక్కులో మంట, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కాలు దించేసింది.

వెనక జనం ఆగారు. "జరగండమ్మా," అన్నారెవరో. ఇద్దరూ పక్కకి తప్పుకున్నారు.

"ఏమైంది?" అంది కరీమున్.

"నా చెప్పు... చెప్పు తెగేలా ఉంది. నువ్వు ముందు ఎక్కు. నేను తర్వాత వస్తా." బిందు చెయ్యి వదిలేసింది.

కరీమున్ ఆ చెప్పు వైపు చూసింది. కొత్త చెప్పు. గట్టిగా ఉంది. మెట్ల వైపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చెయ్యి పట్టుకుంటానన్నావుగా. అందుకేగా నేను వచ్చింది."

పైనుంచి డాషింగ్ కార్లు గుద్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

బిందుకి చెవులు వేడెక్కాయి. మిరపకాయల్లో పడ్డప్పుడు కూడా అంత మంట లేదు. "చెప్పు తెగలేదు," అంది. "నేను ఎప్పుడూ ఎక్కలేదే."

"వందసార్లు అన్నావు?"

"ఒక్కసారి కూడా లేదు."

కరీమున్ ఒక అడుగు వెనక్కి వేసింది. "నాకు భయమని చెబితే నవ్వావు. మా అమ్మకి నీ పేరు చెప్పి వచ్చాను."

"తప్పే. నాకు నీకంటే ఎక్కువ భయం. ప్రాక్టీస్ కూడా చేశా." బిందు మొత్తం చెప్పేసింది. పట్టా, తమ్ముడు, కుప్ప, గేదె, బకెట్టు నీళ్ళు.

కరీమున్ పెదాలు బిగించింది. ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది. "కాళ్ళు బయటా? రోశయ్య తాత లాగాడా? అందుకా ఆ కళ్ళు!"

"నవ్వకే! పద, లిఫ్ట్‌లో పోదాం."

కరీమున్ కళ్ళు తుడుచుకుని మెట్ల వైపు చూసింది. "ఆగవే. ఇక్కడ మిరపకాయలు లేవుగా. పడినా తుమ్ములుండవు." అని తనే చెయ్యి చాపింది. "తాడాటలో తాడు తిరుగుతుంటే ఎలా దూకుతాం? కాసేపు చూస్తాం కదా. అలాగే చూద్దాం."

ఇద్దరూ రెయిలింగ్ పక్కన నిలబడి చూశారు. మెట్టు పుడుతోంది, పోతోంది. పుడుతోంది, పోతోంది. ఇద్దరి తలలూ దాంతోపాటే ఊగాయి.

"ఇదిగో... ఇదిగో... ఇప్పుడు!"

ఎక్కేశారు! బిందు అరిచిన అరుపుకి బట్టల కొట్లో సేల్స్‌మన్ తొంగిచూశాడు.

పైన కోటేశ్వరి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఇంతసేపు ఏం చేశారే?"

బిందు నాలుక చివర చెప్పు సంగతి సిద్ధంగానే ఉంది. మింగేసింది. "భయమేసింది ఆంటీ. కరీమున్ ఎక్కించింది."

"నాకూ మొదటిసారి అంతేలే. ఎక్కబోయి రెండుసార్లు వెనక్కొచ్చా."

"మరి వందసార్లు అందే ఇది!" అన్నాడు యలమంద. ఆ మాట ఆ రోజంతా అంటూనే ఉన్నాడు. బిందు ఆ మాట పడింది. డాషింగ్ కార్లలో మాత్రం, కరీమున్ స్టీరింగ్ పట్టుకుని, యలమంద కారుని వెతికి వెతికి గుద్దింది.

దిగేటప్పుడు అందరూ లిఫ్ట్‌లోనే దిగారు. అందులో ముసలోళ్ళెవరూ లేరు.

సోమవారం మధ్యాహ్నం మళ్ళీ సైకిల్ స్టాండ్. చైతన్యకృష్ణ తన క్లాసు పిల్లలందర్నీ వెంటేసుకుని వచ్చాడు.

"అక్కా, వీళ్ళకి చెప్పు. ఎస్కలేటర్ ఎన్నిసార్లు ఎక్కావ్?"

పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. బిందు ఊపిరి పీల్చింది.

"ఒక్కసారి. అదీ కరీమున్ చెయ్యి పట్టుకుని."

చైతన్య ముఖం వాడిపోయింది. కరీమున్ ముఖం మాత్రం పువ్వులా విప్పారింది.

"సరే, ఈసారి ఎక్కడికి?" అంది సౌజన్య.

"సూర్యలంక సముద్రం!" అన్నాడు యలమంద. "అక్కడ వేయించిన చేపలు..."

"ఆగరా. ముందు ఎవరికి ఏదంటే భయమో చెప్పుకుందాం. చేపలు తర్వాత," అంది బిందు. "నాది మొదట. నాకు అలలంటే భయం."

యలమంద అటూ ఇటూ చూశాడు. "ఎవరికీ చెప్పకండి మరి... నాకు పీతలంటే భయం," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. కరీమున్ చెయ్యి చాపింది. ఒకరి చేతిలో ఒకరు చెయ్యి వేశారు.

కథ అయిపోయింది. నాదొక్కటి మిగిలింది. అంత చిన్నపిల్ల నిజం ఒప్పుకుంటే, పెద్దవాణ్ణి నేనెలా ఊరుకుంటాను? బస్సు తుమ్మలేదు. స్టాపు దగ్గర బ్రేకు గాలి వదిలింది, అంతే. పత్తి మబ్బైందన్నదీ అబద్ధమే. మిగిలిందంతా నిజం. ఎందుకంటే బిందు పడిన కుప్ప నాది. ఆ రోశయ్య తాతని నేనే.

అందగాడన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.