గెలుపుకి ఆరు కిలోమీటర్ల ముందు

ఉదయం తొమ్మిదీ ఐదుకి గుర్రం వచ్చింది. మనిషి రాలేదు.

నందిగామ శివార్లలో మూతపడ్డ పత్తి మిల్లు మైదానం. ముగింపు గీతకి అటూ ఇటూ రెండు వేల మంది జనం. దూరం నుంచే పోల్చుకుని ఈలలు వేశారు. వచ్చేది సివంగి. మూడేళ్లుగా ఈ పందెం గెలుస్తున్న వీరేంద్ర ఈ ఏడు ఎక్కిన గోధుమరంగు ఆడగుర్రం.

దగ్గరికొచ్చేసరికి ఈలలు ఆగిపోయాయి.

జీను పక్కకి జారి పొట్ట కింద వేలాడుతోంది. గుర్రం ముందుకాళ్ల మీదా, రొమ్ము మీదా నెత్తురు.

బందోబస్తుకి వచ్చిన సీఐ సంయుక్త వాకీటాకీ అందుకుంది.

ఇది వేగానికి పెట్టిన పందెం కాదు. దమ్ముకి పెట్టింది. ఏటా డిసెంబరు రెండో ఆదివారం ఉదయం ఆరున్నరకి జగ్గయ్యపేటలో బయల్దేరతారు. కాలవ కట్టల మీదా, పుంతదారుల్లోనూ ముప్పై ఆరు కిలోమీటర్లు. మధ్యలో పెనుగంచిప్రోలు దగ్గర అరగంట హాల్ట్. అక్కడ పశువుల డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి చూస్తుంది. గుర్రం పల్స్ అరవై నాలుగుకి దిగితేనే ముందుకి వదులుతుంది. దిగకపోతే ఇంటికే.

తొమ్మిదీ పన్నెండుకి రెండో గుర్రం వచ్చింది. దాని మీద నవనీత్, నందిగామలో ఎరువుల కొట్టు వాళ్లబ్బాయి.

"వీరేంద్ర ఏడీ?" అంటూ అతనే అడిగాడు.

తొమ్మిదిన్నరకి కబురు వచ్చింది. ముగింపుకి ఆరు కిలోమీటర్ల ఇవతల, కాలవ తూము పక్కన జమ్ము గడ్డిలో పడున్నాడు వీరేంద్ర. ప్రాణం లేదు.

*

తల వెనక భాగం రెండు దెబ్బలకి నుజ్జయిపోయింది. పుర్రె ముక్కలు జుట్టులో కలిసిపోయాయి. ఎడమ కణత మీద మాత్రం ఒక దెబ్బ స్పష్టంగా పడింది. అర్ధచంద్రంలా, లోతుగా, చెక్కినట్టు. లాడం అచ్చు.

"గుర్రం తన్నింది మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ రూబెన్, టోపీ తీసి. "పడేసి తొక్కేసింది."

సంయుక్త పదకొండేళ్ల సర్వీసులో చాలా శవాలు చూసింది. అయినా ఈ తల వంక రెండోసారి చూడటానికి గుండె కూడదీసుకోవాల్సొచ్చింది. మోకాళ్ల మీద కూర్చుంది. టార్చి వేసి గాయాన్ని దగ్గరగా చూసింది. నాలుగు ఫొటోలు తీసింది.

మొన్న తుపానుకి కురిసిన వాన ఇంకా ఆరలేదు. కట్ట మీద నల్లరేగడి ముద్దముద్దగా బూట్లకి అంటుకుంటోంది.

అప్పుడే ఫోన్ మోగింది. మిల్లు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్.

"మేడం, తొందరగా రండి. గుర్రాన్ని చంపేస్తున్నారు!"

*

జీపు వెళ్లేసరికి రాళ్లు పడుతున్నాయి. సివంగిని గోడ మూలకి తోసేశారు. కర్రలతో బాదుతున్నారు. గుర్రం ముందుకాళ్లెత్తి అరుస్తోంది. కనుగుడ్లు తెల్లగా తిరిగిపోయాయి. అందరికన్నా ముందు వీరేంద్ర తమ్ముడు చైతన్య, చేతిలో గొడ్డలితో.

"మా అన్నయ్యని తినేసింది! వదలండి నన్ను!"

గుర్రానికీ గొడ్డలికీ మధ్య ఒక అమ్మాయి నిలబడింది. పందెం డాక్టర్ దీప్తి. నుదురు పగిలి నెత్తురు కంట్లోకి దిగుతోంది. కమీజు చేతులు మోచేతుల దాకా తడి.

"ముందు నన్ను నరుకు," అంటోంది. "తర్వాత దాన్ని నరుకుదువుగాని."

సంయుక్త లాఠీ చైతన్య ముంజేతి మీద పడింది. గొడ్డలి కింద పడింది. రూబెన్, ఇంకో ఇద్దరు కానిస్టేబుళ్లు జనాన్ని వెనక్కి తోశారు. ఒక రాయి రూబెన్ భుజానికి తగిలింది. లాఠీలు లేచాయి. పది నిమిషాలకి గానీ మూల ఖాళీ కాలేదు.

చైతన్య అప్పటికీ ఊరుకోలేదు. "గుర్రాన్ని వదిలేసినా లాడం కొట్టినవాణ్ని వదలను," అంటూ పక్కనున్న బుల్లిబాబు మీద పడ్డాడు. పందెం గుర్రాలన్నిటికీ లాడాలు కొట్టేది బుల్లిబాబే. యాభై దాటిన మనిషి. రెండు గుద్దులకే మూతి పగిలి, ఒక పన్ను ఊడి మట్టిలో పడింది.

సంయుక్త చైతన్య కాలరు పట్టి వెనక్కి ఈడ్చింది. "ఇంకొక్క దెబ్బ కొట్టావంటే లోపలేస్తా. మీ అన్న పోయాడని చూసి ఊరుకుంటున్నా."

బుల్లిబాబు నోట్లో నెత్తురు ఉమ్మేసి, ఎవరి మీదా కోపం లేనట్టు గుర్రం దగ్గరికెళ్లాడు. "దీనికి లాడం ఊడినట్టుంది, కుంటుతోంది. చూడనివ్వండమ్మా," అన్నాడు. వెనక కాలు ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇనప కొక్కెంతో డెక్క లోపల గీకాడు.

లాడం ఊడలేదు. డెక్క గుంట నిండా నల్లమట్టి అట్టకట్టుకుపోయింది. ఒక్క పెట్టున పిడికెడు ముద్ద కింద పడింది.

సంయుక్త ఆ ముద్దని చేతిలోకి తీసుకుంది. వేళ్లతో చిదిమి చూసింది.

"బుల్లిబాబూ, నాలుగు కాళ్లూ ఇలాగే ఉంటాయా?"

"ఈ రేగట్లో పరిగెట్టాక ఇలా కాక ఎలా ఉంటాయండి?"

"రూబెన్, ఈ గుర్రాన్ని ఎవరూ కడగడానికి వీల్లేదు. జీను ఎలా ఉందో అలాగే ఫొటోలు తియ్యి. పట్టీలతో సహా."

*

మధ్యాహ్నం రెండున్నర. మిల్లు కాటా షెడ్డులో ఐదుగురిని కూర్చోబెట్టింది. చైతన్య, నవనీత్, బుల్లిబాబు, డాక్టర్ దీప్తి. ఐదోవాడు దీప్తి తండ్రి కుటుంబరావు. రిటైరైన డ్రిల్ మాస్టారు, పందెం కమిటీ పెద్ద. నిరుడు వీరేంద్ర గెలిచింది ఆయన గుర్రం మీదే. దాని పేరు చుక్క. గీత దాటిన వంద గజాలకి ముక్కుల్లోంచి నెత్తురు కక్కుకుని చచ్చిపోయింది.

సంయుక్త ముందు నవనీత్‌ని అడిగింది.

"తూము ఎన్నింటికి దాటావు?"

"ఎనిమిదీ యాభై రెండుకి. వాచీలో రికార్డయింది, చూడండి."

"శవం కనబడలేదా?"

"జమ్ములో ఉంది కదండీ. నా చూపంతా దారి మీదే ఉంది."

"వీరేంద్ర నీకంటే ఎంత ముందున్నాడు?"

"హాల్ట్ నుంచి పన్నెండు నిమిషాలు ముందు వదిలారండి."

"అంటే ఎనిమిదీ నలభైకి తూము దగ్గరున్నాడు. దారిలో ఆగే అలవాటుందా?"

నవనీత్ నవ్వబోయి మానుకున్నాడు. "వీరేంద్రా? కన్నతండ్రి అడ్డమొచ్చినా ఆగడండి."

"బుల్లిబాబూ, ఆ టైముకి నువ్వెక్కడ?"

"ఇక్కడే అండి. పొద్దుట్నుంచీ మైకు పక్కనే కూర్చున్నా."

"మాస్టారూ, మీరు?"

"పెనుగంచిప్రోల్లో. ఆఖరి గుర్రాన్ని ఎనిమిదీ యాభైకి పంపించి బయల్దేరా."

"డాక్టర్ గారూ?"

"ఎనిమిదీ పన్నెండుకి ఆఖరి పల్స్ చూశా. రిజిస్టర్లో ఉంది. స్కూటర్ మీద ఇక్కడికి వచ్చేశా," అంది దీప్తి. నుదుటికి కట్టు కట్టి ఉంది. గొంతు తొణకలేదు.

సంయుక్త లేచి నిలబడింది. ఫోన్లో ఫొటో తెరిచి బల్ల మీద పెట్టింది.

"వీరేంద్రని గుర్రం తన్నలేదు."

సంయుక్త ఫొటోని పెద్దది చేసింది.

"కణత మీద అచ్చు చూడండి. అంచు ఒక్కటే దిగింది. మధ్యలో చర్మం శుభ్రంగా ఉంది. ముప్పై కిలోమీటర్లు రేగట్లో పరిగెత్తిన డెక్క నిండా మట్టే. అది తంతే గాయం నిండా మట్టి ఉండాలి, అచ్చు రొట్టెలా నిండుగా పడాలి. ఇక్కడ మట్టి రేణువు లేదు. పైగా గుర్రం తన్నేది వెనక కాళ్లతో. నెత్తురు పడింది ముందుకాళ్ల మీద. చంపుతున్నప్పుడు అది పక్కనే నిలబడి ఉంది. అంతే."

"మరి లాడం?" అన్నాడు చైతన్య.

"ఏ కాలికీ లేని లాడం. దేనికో బిగించి ఉంది. మనిషి చేత్తో మూడుసార్లు కొట్టాడు. లేదా కొట్టింది."

సంయుక్త ఇంకో ఫొటో తెరిచింది.

"ఇక అసలు సంగతి. జీను జారింది, అతను పడటం వల్ల జారిందనుకున్నాం అందరం. ఈ ఫొటో చూడండి. పొట్ట కింద పట్టీ తెగలేదు. బకిల్ ఊడలేదు. రెండు బెజ్జాలు వదులు చేసి, మళ్లీ పెట్టి ఉంది. నవనీత్, పందెంలో పట్టీ ఎప్పుడు వదులు చేస్తారు?"

నవనీత్ పెదాలు తడుపుకున్నాడు. "పల్స్ చూసేటప్పుడండి. దిగి పట్టీ వదులు చేయాలి. రూలు."

"గెలుపుకి ఆరు కిలోమీటర్ల ముందు, కన్నతండ్రి అడ్డమొచ్చినా ఆగనివాడు ఎవరు ఆపితే ఆగుతాడు? ఎవరి ముందు దిగి పట్టీ వదులు చేస్తాడు?"

అందరి తలలూ ఒకేసారి దీప్తి వైపు తిరిగాయి.

"పెనుగంచిప్రోలు నుంచి ఇక్కడికి రోడ్డున పాతిక నిమిషాలు. మీరు తొమ్మిదింటికి వచ్చారని గేటు దగ్గర కానిస్టేబుల్ రాసుకున్నాడు. నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది డాక్టర్ గారూ. ఎక్కడ ఆగారు?"

దీప్తి నోరు తెరిచేలోపు కుటుంబరావు లేచాడు.

"నేనే చంపా. నా చుక్కని చంపినందుకు నేనే..."

మాట పూర్తి కాలేదు. చైతన్య కాటా పక్కనున్న ఇనప కడ్డీ అందుకున్నాడు. మొదటి దెబ్బ ముసలాయన భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. ఆయన కుప్పకూలాడు. రెండో దెబ్బ తలకి గురిపెట్టి లేచింది. సంయుక్త బల్ల మీద నుంచి దూకి కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. అరచేతి చర్మం లేచిపోయింది. రూబెన్ చైతన్యని వెనక నుంచి నేలకి అదిమాడు.

"ఆయన కాదు!" దీప్తి అరిచింది. "నాన్నకేం తెలీదు! నేను చంపా!"

తండ్రి తలని ఒళ్లోకి తీసుకుంది. విరిగిన భుజం కదలకుండా చున్నీతో కడుతూనే చెప్పింది. చేతులు పని చేస్తున్నాయి, కళ్లు మాత్రం ఎవరినీ చూడటం లేదు.

"నిరుడు హాల్ట్‌లో చుక్క పల్స్ డెబ్బై రెండు. ఆపుదామన్నా. వీరేంద్ర చేతులు పట్టుకుని బతిమాలాడు. ఒక్కసారికి అన్నాడు. అరవై నాలుగని రాశా. నా చేత్తో నేనే రాశా నాన్నా. పుట్టినప్పుడు సీసాతో పాలు పట్టి పెంచిన గుర్రానికి."

కుటుంబరావు కళ్లు మూసుకున్నాడు.

"ఈ ఏడు సివంగికీ డెబ్బై దాటింది. ఆపుతానన్నా. ఈసారి బతిమాలలేదు. నిరుటి దొంగ లెక్క మీ నాన్నకి చెప్పేస్తానన్నాడు. భయపడి రాసేశా. వదిలేశాక ఉండలేకపోయా. అడ్డదారిన తూము దగ్గరికెళ్లి ఆపా. మళ్లీ చూడాలన్నా. దిగాడు. డెబ్బై ఎనిమిది. ఇక కదలనివ్వనన్నా. చెంప మీద కొట్టాడు. కొరడాతో గుర్రాన్ని ముఖమ్మీద బాదాడు. పట్టీ బిగించడానికి వంగాడు."

"దేంతో కొట్టావు?"

"చుక్క లాడం. నాన్న టేకు చెక్కకి కొట్టి ఉంచారు. ఏడాదైంది కదా, అది పడిపోయిన చోట పూలతో పెడదామని తెచ్చుకున్నా. బ్యాగులో చేతికి అదే తగిలింది."

"మూడుసార్లు."

"లెక్కపెట్టలేదు."

రూబెన్ ఆమె మందుల బ్యాగు తెరిచాడు. అడుగున తువ్వాల్లో చుట్టిన చెక్క. పైన లాడం. కాలవలో కడిగినట్టుంది గానీ మేకు బెజ్జాల్లో నెత్తురు ఇంకా అట్టకట్టి ఉంది.

"పక్కనే కాలవ ఉంది. ఎందుకు పారెయ్యలేదు?"

దీప్తి మొదటిసారి తలెత్తి సంయుక్త వంక చూసింది. "ఎలా పారేస్తానండి?"

*

నాలుగింటికి అంబులెన్స్ కుటుంబరావుని తీసుకెళ్లింది. దీప్తి జీపు ఎక్కింది. ఎక్కేముందు బుల్లిబాబుతో ఒక్కమాట చెప్పింది. "సివంగికి గంటదాకా గుక్కెడు గుక్కెడు నీళ్లే ఇవ్వండి. గడ్డి వద్దు."

చైతన్యకి బేడీలు పడ్డాయి. ముసలాయన భుజం విరగ్గొట్టినందుకు. రెండో జీపు దగ్గర ఆగిపోయాడు.

"మేడం, ఆమె చెప్పింది నిజమేనా? మా అన్నయ్య ఆడమనిషి మీద చెయ్యెత్తాడా?"

సంయుక్త కట్టు కట్టిన అరచేతిని చూసుకుంది. పొద్దున నుదుటి నెత్తురే చూసింది గానీ, దీప్తి ఎడమ చెంప మీద నాలుగు వేళ్లూ తేలిన వాపుని ఆమె తండ్రి భుజం కడుతున్నప్పుడు చూసింది.

"ఎత్తాడు," అంది. "దానికి కేసు పెట్టాలి. ప్రాణం తీయకూడదు. ఆ మాట కోర్టులో నేనే చెప్తా. చెంప సంగతీ చెప్తా. రెండూ చెప్తా."

చైతన్య జీపు మెట్టు మీద కూలబడ్డాడు. బేడీలున్న చేతుల్లో ముఖం దాచుకుని, ఆ రోజంతట్లో మొదటిసారి, అన్నయ్య కోసం వెక్కివెక్కి ఏడ్చాడు.

సంయుక్త తొందరపెట్టలేదు. ఇంజను ఆపెయ్యమని డ్రైవర్‌కి సైగ చేసింది.