కాజాలే తరువాయి

“చెప్పండి మస్తాన్ గారూ, నిన్నేం చేశారు?”

“చొక్కా కుట్టాను మేడమ్.”

మెడకు చుట్టిన పట్టీ అచ్చం అతని గొంతుతోనే, “ఐ స్టిచ్డ్ ఎ షర్ట్” అంది. మస్తాన్ ఉలిక్కిపడి మెడ తడుముకున్నాడు.

డాక్టర్ వసుంధర నవ్వింది. ఏలూరులో మస్తాన్ టైలరింగ్ షాపు మేడమీదే ఆవిడ లాబ్. జరిగింది, జరుగుతున్నది, జరగబోయేది: ఇంగ్లీషులో క్రియ మూడింటికీ మూడు వేషాలు వేస్తుంది. పాతకాలపు మేష్టర్లు అది బెత్తంతో నేర్పేవారు. బెత్తం గుర్తుండేది, క్రియ ఉండేది కాదు. తెలుగు మాటను ఇంగ్లీషులో పలికే ఆవిడ పట్టీకి బెత్తంతో పనిలేదు. జరిగింది చెప్పేటప్పుడు మెదడులో జ్ఞాపకం మేలుకుంటుంది, జరగబోయేది చెప్పేటప్పుడు ఊహ. పట్టీలోని సెన్సర్ ఏది మేలుకుందో చూసి క్రియ దిద్దుతుంది.

రెడీమేడ్ దుకాణాలొచ్చాక మస్తాన్ షాపు మూతపడేలా ఉంది. విశాఖలో ఓ కొత్త హోటల్ యూనిఫాంల పని దొరికితే గట్టెక్కుతాడు. కానీ ఆ మేనేజరమ్మకు ఇంగ్లీషు తప్ప రాదు.

సాయంత్రం వీడియో కాల్‌లో ఆవిడ, శాంపిల్ కోటు ఎంతవరకొచ్చిందని అడిగింది.

“కుట్టేశాను మేడమ్, కాజాలే తరువాయి,” అన్నాడు మస్తాన్, టైలర్లందరి అలవాటు ప్రకారం.

“ఐ విల్ స్టిచ్ ద కోట్,” అంది పట్టీ. ఇంకా కుట్టాలని!

మస్తాన్ గబుక్కున పట్టీని చేత్తో మూశాడు. మేనేజరమ్మ మాత్రం పకపకా నవ్వింది. ఇంకా మొదలుపెట్టలేదని ఒప్పుకున్న టైలర్‌ని ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదట. పని అతనికే ఇచ్చింది.

కబురు ఊరంతా పాకింది. “మస్తానూ, ఆ పట్టీ కట్టుకుని చెప్పవయ్యా, మా జాకెట్లు ఎంతవరకొచ్చాయి?” అని ప్రతివాళ్లూ నిలదీసేవారు. ఇక బొంకడానికి దారిలేక మస్తాన్ చెప్పిన రోజుకల్లా అన్నీ కుట్టి, ఇస్త్రీ చేసి తగిలించడం మొదలెట్టాడు.

తీసుకెళ్లడానికి ఒక్కరూ రాలేదు! కొంకీలు నిండి, బట్టలు మేడమెట్ల దాకా పాకాయి. చివరికి పెళ్లి జాకెట్లు కుట్టడానికిచ్చిన సీతారత్నం గారికి తనే ఫోన్ చేశాడు.

“రేపే కదమ్మా పెళ్లి? జాకెట్లు అయిపోయాయి.”

“అప్పుడేనా?” ఆవిడ హడలిపోయింది. “పెళ్లి వచ్చే నెల నాయనా! నువ్వెటూ ఆలస్యం చేస్తావని ముందు తారీఖు చెప్పాం. ఊళ్లో అందరూ అంతేగా!”

ఫోన్ పెట్టేసి మస్తాన్ మేడమీదికి కేకేశాడు.

“మేడమ్! ఇంకెన్ని పట్టీలున్నాయి?”